జొన్నగింజంత వంకర

పూర్తిగా సరిగ్గా తిరిగే చక్రాన్ని నేను ఇంతవరకూ చూడలేదు. కొత్తగా వచ్చిన చక్రమైనా సరే, ఇరుసుకు బిగించి తిప్పితే ఒకచోట కాస్త బయటికి వస్తుంది, ఒకచోట కాస్త లోపలికి పోతుంది. అందులో ఎంత వంకరను ఒప్పుకోవచ్చు, ఎక్కడ ఒప్పుకోకూడదు అని చెప్పడమే నా ఉద్యోగం. చాలా ఏళ్ళు అదే చేశాను.

ఇప్పుడు షెడ్లలో పనిచేసే మీరు గడియారంలాంటి బిళ్ళను చక్రం పక్కన నిలబెట్టి, ముల్లు ఎన్ని గీతలు కదిలిందో చూసి చెబుతున్నారు. డోన్‌లో మేము గింజ పెట్టి చూసేవాళ్ళమని మొన్న చెబితే మీలో ఇద్దరు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వండి, తప్పులేదు. కానీ ఆ గింజను నమ్మి నేను చేసిన పని ఒకటి ఉంది. అది నోటితో చెప్పబోతే ప్రతిసారీ మధ్యలో ఆగిపోయాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. మా పేటలో చర్చి పక్కన ఉండే టీచరమ్మ ఆదివారం మధ్యాహ్నాలు ఆడవాళ్ళను కూర్చోబెట్టి నేర్పింది. కాగితం మీదైతే మధ్యలో ఆగినా మళ్ళీ మొదలుపెట్టవచ్చు కదా, అందుకే రాస్తున్నాను.

మాది కమ్మరి ఇల్లు. నా మగడు ఎద్దులబండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించేవాడు. నేను కొలిమి తిత్తి ఊదేదాన్ని. యుద్ధం నడుస్తుండగా ఆయన జ్వరంతో పోయాడు. ఇద్దరు ఆడపిల్లలతో మిగిలాను. డోన్‌లో లారీలు బాగుచేసే షెడ్డు మేస్త్రీ ఆయనకు తెలిసినవాడు, సాయిబు. మగవాళ్ళు చాలామంది పటాలంలో చేరిపోయి మనుషులు దొరకని రోజులు. "ఈడ కూడా కొలిమే గదమ్మా, రా" అన్నాడు. వెళ్ళాను.

తిత్తి దగ్గర కూర్చుంటే ఎదురుగా లారీ ముందుచక్రాలు కనబడేవి. ఒకరోజు పనివాళ్ళు ఒక చక్రం బిగించి, చేత్తో తిప్పి, బాగుందని చెయ్యి దులుపుకున్నారు. నేను ఊరికే ఉండకుండా, "అది పైకొచ్చినప్పుడు ఎడమకు కొట్టుకుంటాండాది" అన్నాను.

"తిత్తి దగ్గర కూసున్న ఆమెకు కనపడ్యాది, మాకు కనపడల్యా?" అని ఒకడు నవ్వాడు. "పొగకు కండ్లు మసకలు కమ్మింటాయిలే" అని ఇంకొకడు.

మేస్త్రీ మాత్రం లేచి వెళ్ళి చక్రం పక్కన ఇనుప ముల్లు నిలబెట్టి తిప్పించాడు. నేను చెప్పిన చోటే, చెప్పిన వైపుకే కొట్టుకుంది. బండి చక్రాలను చూసి చూసి వచ్చిన చూపు అది, అందులో నా గొప్ప ఏమీ లేదు. మేస్త్రీ ఆరోజు నుంచి నన్ను తిత్తి దగ్గరినుంచి లేపి ముల్లు దగ్గర కూర్చోబెట్టాడు.

కానీ నా చూపును ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు. లారీ డ్రైవర్లు, "ఆడమనిషి చెప్తే నా బండి ఆపుతారా?" అని మేస్త్రీతో కొట్లాటకు దిగేవాళ్ళు. అందుకని మేస్త్రీ ఒక పద్ధతి పెట్టాడు. చక్రం అన్నిటికంటే బయటికి వచ్చే చోట ముల్లు కొన ఆనించాలి. తర్వాత చక్రాన్ని నెమ్మదిగా తిప్పితే, లోపలికి పోయిన చోట ముల్లుకూ రింగుకూ మధ్య సందు పడుతుంది. ఆ సందులోంచి గింజ దూరి పోయిందా, చక్రం పనికిరాదు. దూరలేదా, పోవచ్చు. మంచి రోడ్డు మీద పరుగెత్తే లారీకి కొర్రగింజ. గనుల దారిలో రాళ్ళమీద పాకే లారీకి జొన్నగింజ. అక్కడ వేగం ఉండదు కనుక అంత వంకర వరకు ఒప్పుకోవచ్చని ఆయన లెక్క. కొర్రగింజకే పట్టుబట్టి ఉంటే గని లారీ ఒక్కటి కూడా షెడ్డు దాటేది కాదు.

గింజలు రెండూ నశ్యం డబ్బీలో ఉండేవి. డబ్బీ నా కొంగున ఉండేది. ఎవరైనా గొంతు పెంచితే నేను మాట్లాడకుండా ఆ గింజ తీసి అతని చేతికే ఇచ్చి, "నువ్వే తోసి చూడప్పా" అనేదాన్ని. దాంతో నోరు మూతపడేది. కొన్నాళ్ళకు నాకు ఆ గింజ మీద ఎంత నమ్మకం కుదిరిందంటే, ముందు కన్నుతో చూడడం కూడా మానేశాను.

నా కన్నును నమ్మినవాడు ఒక్కడే ఉండేవాడు. బేతంచెర్ల వైపు గనుల్లోంచి నాపరాళ్ళు రైలుస్టేషనుకు తోలే లారీకి డ్రైవరు అతను. బద్వేలు దగ్గరి సాలెవాళ్ళ పిల్లవాడట, మగ్గం వదిలి పదహారేళ్ళకే లారీ ఎక్కాడు. నాకంటే రెండు మూడేళ్ళు చిన్న. మిగతావాళ్ళు అతన్ని ఏడిపించేవాళ్ళు.

"ఏమప్పా, స్టీరింగు తిప్పుతాండావా, మగ్గం మీద నాడె ఆడిస్తాండావా?"

"నాడె ఆడిచ్చినా ఒక్క పోగు తెగనియ్యను. నువ్వు ఇరుసులే ఇరగ్గొట్టుకోని వస్తివి" అని నవ్వేవాడు. లారీ షెడ్డులోకి తెచ్చాడంటే మేస్త్రీని కాదు, నన్ను అడిగేవాడు. "అక్కా, నువ్వు చూసినావా? నువ్వు సరే అంటే సరే. ఈ షెడ్డులో అక్క చూసిన చక్రానికి తప్పుండదు." నలుగురిలో ఆ మాట అన్న మొదటి మనిషి అతనే. నాకు ఆ మాట ఎంత అవసరమో అతనికి తెలుసో లేదో.

యుద్ధం ముగిసిన తర్వాతి సంగతి ఇది. మామూలు లారీ టైర్లు దొరికేవి కావు. పటాలంవాళ్ళు వదిలేసిన పెద్ద టైర్లు మాత్రం వేలంలో దొరికేవి. గనుల దారికి అవి బాగుండేవి కూడా, రాళ్ళకు కోసుకుపోవు. అయితే ఆ టైరు మన లారీ చక్రానికి పట్టదు. అందుకని చక్రం మధ్యలో ఉండే పళ్ళెం అలాగే ఉంచి, చుట్టూ ఉన్న రింగును కోసేసి, పటాలం చక్రం రింగును తెచ్చి అతికించేవాళ్ళం. అతుకు ఎంత జాగ్రత్తగా వేసినా వేడికి ఇనుము ఎటో ఒకవైపు లాగుతుంది. వంకర వచ్చి తీరుతుంది. అప్పుడు నేను సుద్దముక్కతో గుర్తుపెట్టడం, వాళ్ళు సుత్తితో కొట్టడం, మళ్ళీ తిప్పడం, మళ్ళీ గుర్తు. ఒక్కొక్క చక్రానికి ఒక పూట పట్టేది.

అతని లారీకి నాలుగు చక్రాలూ అలా మార్చాలని గని యజమాని పంపించాడు. అది వానలు పడని ఏడు. జొన్న ఎక్కడా చేతికి రాలేదు. ఊళ్ళో మా జొన్న కంటికి కనబడడం మానేసి నెలలైంది. రేషన్ డిపోలో ఎక్కడినుంచో వచ్చిన తెల్లజొన్నలు ఇచ్చేవాళ్ళు. రొట్టె విరిగిపోయేది, రుచి లేదు, అయినా వాటికోసమే తెల్లారకముందే వరుసలో నిలబడేవాళ్ళం.

మూడు చక్రాలు ఫరవాలేదు. ముందు ఎడమచక్రం మాత్రం మొండికేసింది. రెండుసార్లు విప్పి కొట్టాం. మూడోసారి బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. గని యజమాని స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"వ్యాగన్లు వచ్చి నిలబడినాయి మేస్త్రీ. రాళ్ళు గనిలోనే ఉండాయి. మీరు ఈడ చక్రానికి పెండ్లి చేస్తాండారు."

"అయిపాయ సామీ, ఈ ఒక్కటే" అన్నాడు మేస్త్రీ.

నేను ముల్లు ఆనించి, డబ్బీ తీసి, జొన్నగింజను సందులో పెట్టి తోశాను. గింజ పిండైపోయింది. లోపల పురుగు తినేసి ఎన్నాళ్ళైందో, పైపొట్టు మాత్రమే మిగిలింది. ఆ పొడి నా వేలికి అంటుకుంది.

"ఇంకోటి పెట్టుమ్మా" అన్నాడు మేస్త్రీ.

పొద్దున డిపోలో తీసుకున్న రేషన్ జొన్నలు సంచిలో నా పక్కనే ఉన్నాయి. ఒకటి ఏరాను. తెల్లగా, బొద్దుగా ఉంది. అది నాకు తెలిసింది. బొద్దుగా ఉందని తెలిసింది, కాదని అబద్ధం రాయను. "ఇది రేషన్‌ది మేస్త్రీ" అన్నాను.

"జొన్న జొన్నే గదమ్మా" అన్నాడాయన, సుత్తి పక్కన పెడుతూ.

గింజను సందులో పెట్టాను. అంచులు గీసుకుంటూ పోయి మధ్యలో ఇరుక్కుంది. వేలితో తోశాను, పోలేదు. అయినా చక్రం తిరుగుతుంటే నా కన్నుకు ఏదో నచ్చలేదు. ఎడమకు కొట్టుకుంటున్నట్టు అనిపించింది. మొదటిరోజు తిత్తి దగ్గర కూర్చున్నప్పుడు అనిపించినట్టే. కన్ను ఒకటి చెబుతోంది, గింజ ఇంకొకటి చెబుతోంది. నా కన్నును పట్టుకుని యజమాని ముందు నిలబడి కొట్లాడే ధైర్యం నాకు లేదు. గింజ నా పక్షాన సాక్ష్యం చెప్పీ చెప్పీ, అప్పటికి నేనే గింజ పక్షం అయిపోయాను.

డ్రైవరు టైరు మీద చెయ్యి పెట్టి నావైపు చూశాడు. "ఏమక్కా, పోవచ్చునా?"

"పోవచ్చులే తమ్ముడా" అన్నాను.

రెండు వారాలకు అతను మళ్ళీ వచ్చాడు. లారీ దిగి నేరుగా నా దగ్గరికే వచ్చి, గొంతు తగ్గించి, "అక్కా, స్టీరింగు పట్టుకుంటే చేతులు వణుకుతాండాయి. దిగుడులో మరీ ఎక్కువగా ఉండాది. ఆ ఎడమది ఒకసారి చూడు" అన్నాడు.

గొంతు తగ్గించినా పక్కన ఉన్నవాళ్ళకు వినబడింది.

"చేతులు వణుకుతాండాయంట! కల్లుపాకకు పోయి వస్తివేమప్పా?"

"వయసైపాయ. ఇంగ మగ్గం గుంతలోకి దిగు."

అతను తాగేవాడు కాదు. అందరికీ తెలుసు, అయినా నవ్వారు. నట్లు ఒకటి రెండు వదులైతే బిగించారు. నేను ముల్లు పెట్టి, అదే డబ్బీలోంచి, అదే రేషన్ గింజ తీసి తోశాను. పోలేదు.

"గింజ పోలేదప్పా" అన్నాను. నా కన్ను మళ్ళీ అదే చెప్పింది. నేను మళ్ళీ వినలేదు.

అతను కొంచెంసేపు తన రెండు చేతులూ ముందుకు చాచి చూసుకున్నాడు. "అయితే నా చేతులేనేమోలే" అన్నాడు. అతని ముఖంలో మొదటిసారి సిగ్గు చూశాను. నేను సరే అన్నాను గనుక ఇంక చక్రాన్ని అనుమానించడం అతనికి చేతకాలేదు.

తర్వాత నెల తిరగలేదు. గనిలోంచి గట్టు పైకెక్కి, అవతలి వైపు దిగుతుండగా ఆ ఎడమచక్రం బోల్టులు తెగి ఊడిపోయింది. లారీ పక్కనున్న పాత గుంతలోకి ఒరిగింది. డ్రైవరుకు భుజం విరిగింది. రాళ్ళ మీద కూర్చున్న హమాలీ ఒకతను రాళ్ళ కింద నలిగి చనిపోయాడు. పెళ్ళై ఏడాది కాలేదు అతనికి. అతన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు కూడా చక్రం మాట వస్తే ముందు ఆ చూడని మనిషే గుర్తొస్తాడు.

హెడ్ కానిస్టేబులు షెడ్డుకు వచ్చాడు. యజమాని కూడా వెంట ఉన్నాడు.

"చక్రం చూసింది ఎవరు?"

"నేనే సామీ."

"సరిగ్గా ఉండెనా?"

"గింజ పోలేదు సామీ" అన్నాను.

"ఏం గింజ?" అన్నాడు. మేస్త్రీ చెప్పాడు. ఆయన నవ్వు ఆపుకోలేక రాత ఆపి, "చక్రానికి కూడా రేషనేనా?" అన్నాడు. ఆ నవ్వులోనే తర్వాతి ప్రశ్న అడిగాడు. "ఆ డ్రైవరుకు చేతులు వణుకుతాయని ఈడ ఎవరికైనా చెప్పినాడా?"

పనివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెప్పాడని ఒకడు అన్నాడు. అబద్ధం కాదు. అతను నిజంగా ఆ మాటే అన్నాడు. చక్రం గురించి చెప్పుకున్న ఫిర్యాదు ఇప్పుడు అతని మీదికే తిరిగింది. కాగితం మీద ఏదో రాశారు, నా బొటనవేలి ముద్ర వేయించుకున్నారు. అందులో ఏముందో నాకు తెలియదు. నేను అన్న మాటే ఉండి ఉంటుంది. నేను అన్న మాటే చాలు.

జైలు వేయలేదుగానీ అతని లైసెన్సు పోయింది. భుజం అతుక్కున్నాక ఒక్కసారి షెడ్డుకు వచ్చాడు, తన సత్తు గిన్నె, దుప్పటి తీసుకుపోవడానికి. అందరి దగ్గరా సెలవు తీసుకుని చివర నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వేమీ మనసులో పెట్టుకోవద్దక్కా. చక్రం నువ్వు చూసినావు, సరిగ్గానే ఉండె. నా చేతులే చెడిపాయ. వణుకుతాండాయని తెలిసి కూడా ఎక్కినా చూడు, అది నా తప్పు. ఒక మనిషిని చంపితి."

అప్పటికి నాకు కూడా నిజం తెలియదు. అనుమానం మాత్రం ఉంది. అనుమానాన్ని నోట్లోనే ఉంచుకుని, "పోయిరా తమ్ముడా" అన్నాను.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. పంట ఇళ్ళకు వచ్చాక మా అక్కవాళ్ళ ఊరినుంచి ఒక మూట జొన్నలు వచ్చాయి. మా జొన్నలు, పసుపుపచ్చగా, గట్టిగా. చాటలో పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. ఉన్నట్టుండి చెయ్యి ఆగింది. కొంగున ఉన్న డబ్బీ తీసి ఆ రేషన్ గింజను చాటలో పెట్టాను. కందిగింజ పక్కన పెసరగింజ పెట్టినట్టుంది.

చాట అలాగే వదిలేసి షెడ్డుకు వెళ్ళాను. ఒక పాత రింగు పక్కన ముల్లు నిలబెట్టి, ఆరోజు లాగే రేషన్ గింజ అంచులు గీసుకుని ఇరుక్కునేంత సందు పెట్టాను. తర్వాత దాన్ని తీసి, మా జొన్నగింజను పెట్టాను. తోయాల్సిన పని లేకపోయింది. రెండువైపులా దేన్నీ తాకకుండా జారి, నేలమీద నూనెమట్టిలో పడింది. నేను దానికోసం వెతకలేదు. కూర్చుండిపోయాను.

మేస్త్రీ వచ్చి చూశాడు. నేను చెప్పకముందే ఆయనకు అర్థమైంది. నూనెమట్టిలో పడ్డ గింజను ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఆ చక్రం యాడుందమ్మా ఇప్పుడు?" అన్నాడు.

ఆ చక్రం లేదు. దాని రింగును ముక్కలు చేసి బండి పట్టాలుగా సాగదీశారు. రింగు సాగదీసిన రోజు తిత్తి దగ్గర మనిషి లేక, ఊదింది నేనే.

"చూపించనీకి చక్రం లేదు. బోల్టులు తెగింది వంకరకా, బరువుకా, ఆ దిక్కుమాలిన దారికా, ఎవరు చెప్పాల? ఆ అల్లాకే ఎరుక. నువ్వు నోరు తెరిస్తే రేపు షెడ్డుకు తాళమే. నీకు ఇద్దరు ఆడపిల్లలు. నాకు ఏడుగురు. పోయినోడు తిరిగి రాడు గదమ్మా."

"బతికుండేవాడు ఉన్నాడు గదా మేస్త్రీ" అన్నాను.

ఆయన ఆరోజు మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు. సాయంత్రం ఇనుపతీగ ముక్క ఒకటి కోసి, ఆకురాయితో అరగదీసి, మా జొన్నగింజతో సరిచూసి, నా చేతిలో పెట్టాడు. అప్పటినుంచి మా షెడ్డులో గింజ లేదు. ఆయన నోటితో చెప్పలేనిది ఆ తీగతో చెప్పాడనుకున్నాను. నేను అది కూడా చేయలేదు.

వెళ్ళాలి, చెప్పాలి అనుకుంటూనే నెలలు గడిపాను. పిల్ల జ్వరం అన్నాను. రైలుకు డబ్బు అన్నాను. పనిలో సెలవు అన్నాను. అన్నీ నిజాలే. బద్వేలు వైపు పోయివచ్చే లారీవాళ్ళు అతని కబురు చెప్పేవాళ్ళు: ఇంటిదగ్గరే ఉన్నాడు, లారీ చప్పుడు వింటే లోపలికి పోతాడు, ఎవరు పిలిచినా చేతులు పోయాయంటాడు.

నన్ను కదిలించింది ఒక నవ్వు. కొత్తగా వచ్చిన డ్రైవరొకడు టీ తాగుతుంటే గ్లాసు తొణికింది. పక్కవాడు, "ఏమప్పా, మగ్గం ఆయప్ప చేతులు వచ్చినాయా నీకు?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ కొత్తవాడికి ఆ మగ్గం ఆయప్ప ఎవరో కూడా తెలియదు. మా షెడ్డులో వణికే చేతులకు అది పేరైపోయింది. ఒక్క పోగు తెగనివ్వనని నవ్విన మనిషి పేరు.

మరునాడు పిల్లలను పక్కింట్లో ఒప్పజెప్పి రైలెక్కాను. గుత్తిలో మారి, కడపలో దిగి, బస్సులో బద్వేలు చేరి, అక్కడినుంచి నడిచాను. స్వతంత్రం వచ్చి నెల దాటలేదు. దారిలో ఊళ్ళ గోడలమీద కాగితం జెండాలు ఎండకు వెలిసిపోయి ఇంకా వేలాడుతున్నాయి.

సాలెవాళ్ళ వీధిలో అన్ని ఇళ్ళలోంచీ మగ్గాల చప్పుడు వస్తోంది. అతని ఇంట్లో మగ్గం మీద భార్య కూర్చుని ఉంది. అతను వాకిట్లో రాటం ముందు కూర్చుని, నాడెలో పెట్టే దారం కండెలు చుడుతున్నాడు. అది ముసలమ్మలు, పిల్లలు చేసే పని. నన్ను చూసి లేచాడు.

"రా అక్కా! ఇంత దూరం యాల వస్తివి? ఎండలో నడిచి వస్తివా?"

భార్య చెంబుతో నీళ్ళు తెచ్చింది. "నువ్వన్నా చెప్పుక్కా. మగ్గం ఎక్కమంటే చేతులు వణుకుతాయి, పోగులు తెగుతాయంటాడు. ఆడదాన్ని నేను నేస్తాండా, ఈయన కండెలు చుడతాండాడు. వీధిలో నవ్వుతాండారు."

అతను నవ్వి, దారిలో వానలు పడ్డాయా అని నన్ను అడిగాడు. మాట్లాడుతూనే రాటం తిప్పుతున్నాడు. దారం ఒకసారి తెగింది. చూపు నావైపే ఉంది, వేళ్ళు మాత్రం ఆ రెండు కొనలనూ వెతికి పట్టుకుని, ఒక్క మెలి తిప్పి అతికేశాయి. అంత సన్నని దారం నా వేళ్ళకు చిక్కను కూడా చిక్కదు.

నేను డబ్బీ తీసి, రేషన్ గింజనూ మా జొన్నగింజనూ అతని అరచేతిలో పెట్టాను. మొదటినుంచి చెప్పాను. పురుగు తిన్న గింజ, రేషన్ సంచి, యజమాని తొందర, నా కన్ను చెప్పింది, నేను వినకపోయింది. అతను రెండోసారి వచ్చినప్పుడు కూడా నా కన్ను చెప్పిన సంగతి. చాటలో రెండు గింజలు పక్కపక్కన పెట్టి చూసిన సంగతి. ఆగకుండా చెప్పాను, ఆగితే మళ్ళీ చెప్పలేనని.

రాటం ఆగింది. అతను గింజలను అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు.

"అంటే, చక్రందేనంటావా?"

"చక్రందే తమ్ముడా. నీ చేతులది కాదు. తప్పు నాది."

నేను అతను తిడతాడని అనుకున్నాను. కొట్టినా బాగుండునని కూడా అనుకున్నాను. అతను తల ఎత్తి, నన్ను జాలిగా చూశాడు.

"నువ్వు శానా మంచిదానివక్కా. నా బాధ చూడలేక ఇంత దూరం వచ్చి, తప్పు నీ మీద ఏసుకుంటాండావు."

"కాదప్పా, నిజంగానే..."

"ఊరుకోక్కా. నువ్వు చూసిన చక్రానికి తప్పుండదు. షెడ్డులో అందరికన్నా ముందు ఆ మాట అనింది నేనే గదా. ఇప్పుడు నేనే కాదంటే ఎట్ల?"

"ఈ గింజలు చూడు. కండ్లతో చూడు."

"చూసినాలే. రెండు జొన్నలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది." గింజలను తిరిగి డబ్బీలో వేసి, మూత బిగించి, నా చేతిలో పెట్టాడు. "ఒక మనిషి పోయినాడక్కా. ఆ పాపం నా చేతులదని నేను ఒప్పుకోని ఎన్నాళ్ళాయనో. ఇప్పుడు నువ్వొచ్చి గింజదంటే, నేను ఆ బరువు తీసుకపోయి యాడ పెట్టేది?"

అనుమానం పుట్టిన రోజే వచ్చి ఉంటే ఆ బరువు ఇంత పాతుకుపోయేది కాదేమో.

"నమ్మవా? అయితే ఇదో, నువ్వే చూడు" అని అతను రెండు చేతులూ నా ముందుకు చాచాడు. వేళ్ళు విడదీసి, అరచేతులు నేలవైపు పెట్టి. "ఎట్ల వణుకుతాండాయో చూడు."

చూశాను. ముల్లు లేదు, గింజ లేదు, తీగ లేదు. కన్నుతోనే చూశాను. వేలి కొనలను ఒక్కొక్కటిగా, చక్రం అంచును చూసినట్టు చూశాను. ఆ చేతులు కొర్రగింజంత కూడా కదలడం లేదు.

"వణకడం లేదప్పా" అన్నాను.

"నీకట్ల కనపడతాదిలేక్కా" అని అతను చేతులు వెనక్కి తీసుకుని, మళ్ళీ రాటం ముందుకు జరిగాడు.